ఏ స్కేలులో ఒక అంగుళం?

సరిహద్దులో ఉద్రిక్తత తలెత్తిన ప్రతిసారీ టీవీ తెరలపై ఒక పటం ప్రత్యక్షమవుతుంది. అందులో ఒక ఎర్ర గీత, దానికి అటూ ఇటూ బాణాలు ఉంటాయి. స్కేలు, గుర్తుల సూచిక మాత్రం కనిపించవు. ఆ గీతను ఎవరు, ఎప్పుడు గీశారో కూడా చెప్పరు. పటం చదవడంలో బడిపిల్లలకు మొట్టమొదట నేర్పే ఈ పాఠాలను జాతీయ చర్చ నుంచి వెలివేసినందుకు మనం చెల్లిస్తున్న మూల్యం తక్కువేమీ కాదు.

ముందుగా స్కేలు సంగతి. 1914 మార్చిలో బ్రిటిష్ ఇండియా, టిబెట్ ప్రతినిధులు అంగీకరించిన మెక్‌మహన్ రేఖను అంగుళానికి 8 మైళ్ల స్కేలు గల పటంపై గీశారు. ఆ స్కేలులో ఒక మిల్లీమీటరు మందమున్న గీత నేలమీద దాదాపు అర కిలోమీటరు వెడల్పును కప్పివేస్తుంది. ఆ గీత కింద పడిన వాగు ఎవరిదో, గుట్ట ఎవరిదో తేల్చడం ఏ పటానికీ సాధ్యం కాదు.

రెండోది పటం రకం. రాజకీయ పటం హద్దులను చూపుతుంది. స్థలాకృతి పటం కాంటూరు రేఖలతో కొండల ఎత్తును, లోయల వాలును చూపుతుంది. థాగ్లా పర్వతశ్రేణి వద్ద గీత ఒకటి చెప్పగా నేల మరొకటి చెప్పింది. పటంలోని గీత శ్రేణికి దక్షిణంగా సాగింది. ఎత్తయిన జలవిభాజకాన్ని అనుసరించడమే ఆ రేఖ ఉద్దేశమని, కనుక సరిహద్దు శ్రేణి మీదనే ఉందని భారత్ వాదించింది. చైనా అందుకు ఒప్పుకోలేదు. 1962 అక్టోబరులో తూర్పు రంగాన యుద్ధం ఆ శ్రేణి పాదాన ఉన్న నామ్‌కా చు లోయలోనే మొదలైంది.

మూడోది గుర్తులు. అంతర్జాతీయ సరిహద్దు, నియంత్రణ రేఖ, వాస్తవాధీన రేఖ మూడూ వేర్వేరు. 1972లో భారత్, పాకిస్థాన్ సైన్యాధికారులు నియంత్రణ రేఖను పటాలపై గుర్తించారు. వాస్తవాధీన రేఖకు ఆ భాగ్యం దక్కలేదు. 2000లో మధ్య రంగానికి సంబంధించిన పటాలను మాత్రమే భారత్, చైనా ఇచ్చిపుచ్చుకున్నాయి. తూర్పు లద్దాఖ్‌లో ఇరుపక్షాలూ అంగీకరించిన పటమంటూ లేదు. 2020 జూన్‌లో 20 మంది భారత సైనికులు అమరులైన గల్వాన్ లోయ అక్కడిదే. అటువంటి రేఖను తెరపై చెరగని గీతగా చూపడం ప్రేక్షకుణ్ణి తప్పుదోవ పట్టించడమే.

సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా దేశపటాన్ని ప్రచురిస్తే 1961 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. పటాన్ని ఎలా గీయాలో చట్టం చెబుతుంది. ఎలా చదవాలో పౌరుడే నేర్చుకోవాలి. మనం హక్కుగా కోరే భూమి, మన ఆధీనంలో ఉన్న భూమి, పొరుగుదేశం అంగీకరించిన భూమి ఎల్లవేళలా ఒక్కటి కావు. ఈ తేడా తెలిసిన పౌరుడే, మన సైన్యం నిన్నటిదాకా గస్తీ తిరిగిన చోట నేడూ తిరుగుతోందా అని ప్రభుత్వాన్ని నిలదీయగలడు.

‘ఒక్క అంగుళం కూడా వదులుకోం’ అని నాయకులు గర్జించినప్పుడు చప్పట్లకు ముందు స్కేలు అడుగుదాం. 1914 నాటి పటంలో ఒక అంగుళమంటే 8 మైళ్లు.