ఓటు వేశారు సరే, లెక్క అడిగారా?

ఎన్నికలొస్తే చాలు, "స్త్రీల ఓట్లు" అనే మాట వినిపిస్తుంది. స్త్రీలందరి బతుకూ ఒకటే, అవసరాలూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. ఆ మాట వెనక ఏ స్త్రీలు కనిపిస్తారు, ఎవరు మరుగున పడిపోతారు? 1996 అమెరికా అధ్యక్ష ఎన్నికల్ని ఈ ప్రశ్నతో మళ్ళీ చూడాల్సిన అవసరం ఉంది.

ఆ నవంబరులో స్త్రీల ఓట్లలో 54 శాతం డెమోక్రాట్ అభ్యర్థి బిల్ క్లింటన్‌కి, 38 శాతం రిపబ్లికన్ అభ్యర్థి బాబ్ డోల్‌కి పడ్డాయని పోలింగు రోజు సర్వేలు తేల్చాయి. మగవాళ్ళ ఓట్లలో ఇద్దరూ దాదాపు సమానం. క్లింటన్‌ని గెలిపించింది స్త్రీలేనన్నమాట. పిల్లల్ని కారులో ఆటలకి తిప్పే శివారు కాలనీల మధ్యతరగతి తల్లికి "సాకర్ మామ్" అని పేరు పెట్టి పత్రికలు ఆ ఏడాదంతా ఆమె గురించే రాశాయి. కానీ అదే దేశంలో ఇంకో తల్లి కూడా ఓటరే. తోడెవరూ లేకుండా పిల్లల్ని పెంచుకుంటూ, నెలనెలా వచ్చే ప్రభుత్వ సహాయంతో నెట్టుకొస్తున్న తల్లి. ఆమె వైపునుంచి ఈ అభ్యర్థుల్ని చూద్దాం.

డోల్ సంగతి తేలిగ్గానే తేలిపోతుంది. గర్భస్రావాన్ని రాజ్యాంగ సవరణతో నిషేధించాలన్నది ఆయన పార్టీ ప్రణాళిక. కాన్పుకీ, ఇంట్లోవాళ్ళ జబ్బులకీ 12 వారాల సెలవిచ్చే 1993 చట్టానికి సెనేట్‌లో ఆయన వ్యతిరేకంగా ఓటేశాడు. పేద తల్లుల సహాయాన్ని కుదించే బిల్లుని 1995లో అదే సభలో ముందుండి నడిపించాడు. మూడో అభ్యర్థి రాస్ పెరోకి బడ్జెట్ లోటు, విదేశీ వ్యాపారం తప్ప ఈ తల్లి కనపడనే లేదు.

ఇక క్లింటన్. సెలవు చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. గర్భస్రావ హక్కుని సమర్థించాడు. స్త్రీలపై హింసకి వ్యతిరేకంగా 1994లో వచ్చిన చట్టమూ ఆయన హయాంలోదే. ఇవన్నీ నిజమైన విజయాలే. అయితే ఆ సెలవుకి జీతం లేదు. జీతం లేని 12 వారాలు ఏ తల్లి ఇంట్లో కూర్చోగలదు? గర్భస్రావం హక్కే గాని, 1976 నాటి హైడ్ సవరణ పేదల వైద్య పథకం నుంచి దానికి కేంద్ర నిధులు ఇవ్వకుండా ఆపింది. క్లింటన్ కాలంలో అత్యాచారం, వావివరసలు లేని లైంగిక సంబంధం వల్ల వచ్చిన గర్భాలకి మాత్రమే అది సడలింది. డబ్బులేని స్త్రీకి బిడ్డ వద్దనుకునే హక్కు కాగితం మీదే మిగిలింది.

మరి బిడ్డ కావాలనుకుంటే? ఎన్నికలకి పదకొండు వారాల ముందు, 1996 ఆగస్టు 22న, క్లింటన్ ఆ దారీ మూసేశాడు. అంతకుముందు రెండుసార్లు తిప్పి పంపిన సంక్షేమ సవరణ బిల్లు మీద ఈసారి సంతకం పెట్టాడు. పేద పిల్లల కుటుంబాలకి 1935 నుంచీ ఉన్న సహాయ హామీ దాంతో రద్దయింది. కేంద్ర నిధులతో వచ్చే సహాయం జీవితం మొత్తానికి అయిదేళ్ళే. రెండేళ్ళలోపు తల్లి పనికి వెళ్ళి తీరాలి. పిల్లల్ని సాకడం పని కాదని సాక్షాత్తూ చట్టమే చెప్పింది! ఇంటి చాకిరీ కూడా శ్రమేనని స్త్రీవాదులు దశాబ్దాలుగా చెప్తున్న మాటకి రెండు పార్టీలూ కలిసి ఇచ్చిన జవాబు ఇది. దీన్ని భరించలేక పీటర్ ఎడెల్మన్, మేరీ జో బేన్ వంటి ఉన్నతాధికారులు ప్రభుత్వ ఉద్యోగాలు వదులుకున్నారు. స్త్రీ ఓటర్లు మాత్రం ఆయన్నే గెలిపించారు.

వాళ్ళది తప్పా? తప్పని నేననను. గర్భస్రావ హక్కుని 2022 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు వ్యతిరేకించిన ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు క్లింటన్ 1994లో నియమించిన బ్రేయర్. ఎవరు గెలిస్తే ఏమిటిలే అనడం, నష్టం ఎవరి మీద పడుతుందో తెలియనివాళ్ళ మాట. నా విమర్శ వేసిన ఓటు గురించి కాదు, ఆ తర్వాతి మౌనం గురించి. మనవాడే గదా, ఇబ్బంది పెడితే అవతలివాడు గెలుస్తాడని సర్దుకుపోయినప్పుడల్లా, ఆ సర్దుబాటు ఖరీదు చెల్లించింది పేద స్త్రీలే.

సంక్షేమం స్త్రీల సమస్యేనని, తను స్వయంగా ఆ సహాయం మీద పిల్లల్ని పెంచిన నల్లజాతి ఉద్యమకారిణి జానీ టిల్మన్ 1972లోనే రాశారు. ఆ మాటని స్త్రీల ఉద్యమం గర్భస్రావ హక్కుతో సమానంగా ఎత్తుకుని ఉంటే, ఆ సంతకం అంత సులువయ్యేదా? ఫలితం అంకెల్లో ఉంది. 1996లో ప్రతి వంద పేద కుటుంబాల్లో 68 కుటుంబాలకి నగదు సహాయం అందేది. 2020 నాటికి అది 21కి పడిపోయింది. రాష్ట్రాలకిచ్చే కేంద్ర నిధి ఏడాదికి సుమారు 1,650 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు.

అందుకే, ఫలానా అభ్యర్థి స్త్రీల పక్షమని ఎవరైనా చెప్తే, ఏ స్త్రీల పక్షమని అడగాలి. ఓటుకి ముందూ అడగాలి, గెలిచాకా అడగాలి. ఎదుటి పార్టీవాళ్ళకన్నా ముందు, మన ఓట్లతో గెలిచినవాళ్ళని అడగాలి.