అత్తసొమ్ము – అల్లుని దానము

పేదవానికి తలదాచుకొన నీడ చూపుట ప్రభుత్వధర్మము. ఇందు వివాదము లేదు. ఆ నీడకగు వ్యయము నెవరు భరింపవలెనన్నదే ప్రశ్న. అమెరికాలో 1974 నాటి శాసనముతో నేర్పడిన పద్ధతిని బట్టి, సహాయము పొందు కుటుంబము తన యాదాయమున సుమారు 30 శాతము అద్దెగ నిచ్చును. తక్కినది ప్రభుత్వమే యింటివానికి చెల్లించును. మన అద్దె నియంత్రణ శాసనములో, ఉపకారమును దామాజ్ఞాపించి, ఖర్చును మాత్రము ఇంటి యజమానుని నెత్తిన రుద్దినవి. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లన్న సామెత యిందులకే పుట్టినది కాబోలు!

బొంబాయిని చూడుడు. అచ్చటి 1947 నాటి శాసనము అద్దెలను 1940 సెప్టెంబరు నాటి మట్టమున బిగించెను. నాటి ఇండ్ల కరవునకు అది తగిన మందే. జ్వరము తగ్గినను మందు మానలేదు. ఆ నిబంధనలు కాలక్రమమున సమంజసత్వమును గోల్పోయినవని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చెను.

అద్దె మాట యటుండనిండు. ఇల్లు తిరిగి పొందుట యెట్లు? అద్దెను బుద్ధిపూర్వకముగ నెగవేసినవానిని ఖాళీ చేయింపవచ్చుననియు, యజమానుని నివాసమునకే యిల్లవసరమైనను ఖాళీ చేయింపవచ్చుననియు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము చెప్పినది. హక్కు కాగితముపై గలదు. కాని కంట్రోలరు తీర్పు, దానిపై అప్పీలు, దానిపై హైకోర్టులో రివిజను, పిదప అమలు దరఖాస్తు! మెట్టుమెట్టునను వాయిదాలు. ఆ వాయిదాల నడుగువారము న్యాయవాదులమైన మేమే. పసలేని ప్రతివాదముతో కాలము గడపుటను నేర్పుగ నెంచు మా వృత్తిదోషమును దాచి, ప్రభుత్వము నొక్కదానినే నిందించుట న్యాయము గాదు.

యజమానులందరు కుబేరులే గదా యని కొందరందురు. ఒక వాటా అద్దెపై బ్రదుకు ముదుసలి ఉద్యోగి, మగని బోగొట్టుకొని మేడమీది రెండు గదులే యాధారముగ గల యిల్లాలు వీరి కంటబడరా? కోటీశ్వరుడు పదియేండ్లు వ్యాజ్యమాడగలడు, వీరాడలేరు. ఈ యాలస్యమువలన పేద అద్దెదారునకును మేలు లేదు. ఇచ్చిన యిల్లు తిరిగిరాదను భయమున యజమానులు తాళములు వేసికొందురు. 2011 జనాభా లెక్కలలో పట్టణములందు 1 కోటి 10 లక్షల ఇండ్లు ఖాళీగ తేలినవి. అన్నియు నీ భయముననే కాకపోవచ్చును. కొన్నింటి తాళపుచెవులైనను కోర్టు వాయిదాలలో చిక్కుకొనియున్నవి.

కేంద్రప్రభుత్వము 2021లో మాదిరి అద్దె చట్టమును సిద్ధపరచి, వివాదములు 60 దినములలో తేలవలెనన్నది. మాదిరి చాలదు. రాష్ట్రములు దానిని శాసనము గావింపవలెను. తగినంతమంది న్యాయాధికారులను నియమింపవలెను. నిజముగ నిరుపేదయైన అద్దెదారుని వీధిపాలు చేయక, వాని అద్దెసాయమును బొక్కసమునుండి యీయవలెను. దానము చేయదలచిన ప్రభుత్వము తన చేతితో, తన సొమ్ముతోనే చేయుగాక!