సుమేరు దేవతలు చేసిన నేరమేమిటి?

ఇంగ్లండులో ఏడేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు పిల్లలకు చరిత్రలో ఏమేం చెప్పాలో అక్కడి ప్రభుత్వం 2013లో రాసి పెట్టింది. తొలి నాగరికతల దగ్గరికి వచ్చేసరికి నాలుగు పేర్లిచ్చి, వీటిలో ఏదో ఒకదాన్ని లోతుగా చెప్పండి, మీ ఇష్టం అంది. ప్రాచీన సుమేరు, సింధు లోయ, ప్రాచీన ఈజిప్టు, చైనాలో షాంగ్ వంశం. వరసలో మొదటి పేరు సుమేరుదే, అంటే నేటి దక్షిణ ఇరాక్‌ది. బళ్ళలో మాత్రం దాని ఊసే వినపడదు. నేను ఇక్కడి ప్రైమరీ బళ్ళలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. నేను చూసినంతలో అందరి ఓటూ ఈజిప్టుకే. మమ్మీలున్నాయి, పిరమిడ్లున్నాయి, టూటన్‌ఖామున్ బంగారు ముసుగుంది. స్టోర్‌రూములో అట్టపెట్టెల నిండా బొమ్మలూ వర్క్‌షీట్లూ సిద్ధంగా ఉన్నాయి. ఎవరూ కొత్తగా ఏమీ చదవక్కర్లేదు. అసలు కారణం ఈ చివరిదే, కానీ మీటింగులో ఎవరూ అనరు.

పొరపాటున ఏ బడైనా సుమేరును ఎంచుకున్నా, దాని దేవుళ్ళను గుమ్మం బయటే నిలబెడుతుంది. చక్రం గురించి చెబుతారు, రాత గురించి చెబుతారు, సాగు కాలవల గురించి చెబుతారు. జిగ్గురాత్ అనే మెట్ల గోపురం బొమ్మకు రంగులు వేయిస్తారు. ఆ కట్టడం ఎవరి కోసం కట్టారు, ఆ దేవుడికి రోజూ ఏం వడ్డించేవారు అని పిల్లలు అడిగితే నోరు పెగలదు. చరిత్ర చూసేవారేమో అది మతం కదా అంటారు. మత బోధన పీరియడ్ చూసేవారేమో, ఇప్పుడు ఆచరించేవాళ్ళే లేని మతం మా లెక్కలోకి రాదంటారు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయింది సుమేరు మతం. క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఉర్-నమ్ము రాజు ఉర్ నగరంలో అంత ఎత్తున ఇటుకలు పేర్పించింది చంద్రుడి కోసం, నన్నా దేవుడి కోసం. ఆ పేరు తీసేస్తే మిగిలేది ఇటుకల గుట్టే.

నా కడుపుమంట అంతటితో ఆగదు. ఆ దేవుళ్ళ కథలు మన దాకా వచ్చాయంటే అది చాలావరకు బడిపిల్లల పుణ్యం. దక్షిణ ఇరాక్‌లోని నిప్పూరులో 1951-52లో తవ్వినప్పుడు ఒక చిన్న ఇల్లు బయటపడింది. తవ్వినవాళ్ళు దానికి ‘ఎఫ్ ఇల్లు’ అని పేరు పెట్టుకున్నారు. క్రీ.పూ. 1740 ప్రాంతంలో అదొక బడి. అందులో సుమారు 1,400 మట్టి పలకలూ పలక ముక్కలూ దొరికాయి. భద్రంగా దాచినవేం కావు. రాయడం అయిపోయాక నేలలోకీ గోడల్లోకీ అరుగుల్లోకీ కూరేసినవి. మొదట్లో ఉత్త ములుకు గీతలు, నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా. తర్వాత చెట్ల పేర్లు, చెక్క సామాన్ల పేర్లు, ఆ పైన ఎక్కాలు. చేయి తిరిగాక కావ్యాలు.

ఆ కావ్యాలేమిటో చూడండి. ఇనానా దేవి మీద స్తోత్రం. కేష్ ఊరి గుడి మీద స్తుతి. ఎన్కి దేవుడు పడవెక్కి నిప్పూరు వెళ్ళిన కథ. ఎన్లిల్ దేవుడి గుడి వైభవం. అంటే ఆ బడిలో పైతరగతి పాఠ్యాంశాల్లో పెద్ద వాటా దేవుళ్ళదే. అప్పటికి ఇళ్ళలో మాట్లాడే భాష అక్కాడియన్. సుమేరు భాషను అమ్మ ఒళ్ళో నేర్చిన పిల్లాడు ఆ తరగతిలో ఒక్కడూ ఉండి ఉండడు. బడిలోనే నేర్చారు, బడిలోనే రాశారు. ఎన్నో రచనల చివర నిసాబాకు జేజేలు కనిపిస్తాయి. ధాన్యానికీ రాతకూ ఆవిడే దేవత. అప్పటి బడుల్లో చిన్న పిల్లలవి బన్నులాంటి గుండ్రటి పలకలు. పైన గురువుగారు ఒక వరస రాసిస్తే, కింద శిష్యుడు దిద్దుతాడు. గురువుగారి గీతలు తీరుగా ఉంటాయి, పిల్లాడివి పక్కకు పోతాయి. నిప్పూరు బడి పలకల్లో ఒకదాని మీద పళ్ళ గాట్లు కూడా ఉన్నాయి. విసుగొచ్చి కొరికాడో, ఆకలేసి కొరికాడో. ఒక మతాన్ని ఇలా దాదాపు నాలుగు వేల ఏళ్ళ పాటు మోసుకొచ్చింది పిల్లల హోంవర్కు. దాన్నే తీసుకుని, ఇది పిల్లలకు అర్థం కాదండీ అంటే నాకు ఒళ్ళు మండదా?

అర్థం కానిది ఏముందో నాకు ఒక్కటి చూపించమనండి. ఇనానా పాతాళానికి వెళ్ళిన కథ తీసుకుందాం. అక్కడ రాణి ఆమె అక్క, ఎరెష్కిగాల్. ఏడు గుమ్మాలు దాటాలి. మొదటి గుమ్మం దగ్గర కిరీటం తీసేయమంటారు. ఇదేమిటి అని అడుగుతుంది, ఇక్కడి పద్ధతి ఇంతే, నోరెత్తకు అంటారు. తర్వాత నీలిరాళ్ళ హారం, ఆ తర్వాత మరొకటి. ఏడో గుమ్మం దగ్గర ఒంటి మీది వస్త్రం కూడా పోతుంది. మహారాణిలా బయల్దేరినావిడ ఏమీ మిగలకుండా అక్క ముందు నిలబడుతుంది, ప్రాణం పోతుంది. ఆమె సేవకురాలు నిన్షుబుర్ ఏడుస్తూ దేవుళ్ళ గడపలన్నీ తొక్కుతుంది. ఇద్దరు పెద్ద దేవుళ్ళు మాకేం పట్టిందంటారు. ఎన్కి ఒక్కడే కదులుతాడు. తన గోటి కింది మట్టి తీసి రెండు చిన్న జీవుల్ని చేస్తాడు. అవి ఈగల్లా తలుపు సందుల్లోంచి దూరి వెళ్ళేసరికి, పాతాళరాణి మంచం మీద నొప్పితో మూలుగుతూ ఉంటుంది. ఆమె అయ్యో అంటే అవీ అయ్యో అంటాయి. కడుపు అంటే కడుపు, వీపు అంటే వీపు. చేసేది అంతే. ఇంతవరకు తన బాధ పట్టించుకున్న దిక్కులేదు కాబోలు, ఆవిడ కరిగిపోయి ఏం కావాలో కోరుకోమంటుంది. అవి ఇనానా శరీరాన్ని అడిగి తీసుకుంటాయి. కత్తి లేదు, యుద్ధం లేదు. పక్కనున్నవాడు ఏడుస్తుంటే ఏం చేయాలో ఎనిమిదేళ్ళ పిల్లాడికి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నా చేతికి ఇంకా దొరకలేదు.

ఎన్కి, నిన్మా దేవి కథ సంగతి మరీ అన్యాయం. చిన్న దేవుళ్ళు కాలవలు తవ్వలేక, మట్టి తట్టలు మోయలేక పెద్దల మీద తిరగబడతారు. ఒక్క మాటలో చెప్పాలంటే దేవుళ్ళ సమ్మె! ఆ పని చేయడానికి మట్టితో మనుషుల్ని తయారుచేస్తారు. ఆ సంబరంలో ఎన్కి, నిన్మా బీరు తాగి పందెం వేసుకుంటారు. నేను ఎలాంటి మనిషిని చేసినా నువ్వు వాడికి బతుకుదెరువు చూపించగలవా అంటుంది నిన్మా. చేతుల్లో సత్తువ లేనివాణ్ణి చేస్తుంది. ఎన్కి అతన్ని రాజు కొలువులో పెడతాడు. చూపు లేనివాణ్ణి చేస్తే సంగీతం ఇస్తాడు. పిల్లలు పుట్టని స్త్రీని చేస్తే రాణివాసంలో చోటిస్తాడు. వీల్‌చైర్‌లో వచ్చే పిల్లలున్న తరగతిలో ఈ కథ చెప్పి చూడండి, గది ఎంత శ్రద్ధగా వింటుందో. నేను చెబుతానంటే ఒక బడిలో పెద్దలు వద్దన్నారు. దేవుళ్ళు బీరు తాగడం బాగుండదట! అదే బడిలో గ్రీకు దేవుడు క్రోనస్ కన్నబిడ్డల్ని మింగేయడం చెప్పుకోవచ్చు. ఈజిప్టు పాఠంలో శవం ముక్కులోంచి కొక్కెంతో మెదడు లాగడం బల్లలు చరుస్తూ చెప్పుకోవచ్చు, టమాటాలకు ఉప్పు పట్టించి మమ్మీలు చేయించవచ్చు. ఎన్కి గారి బీరు దగ్గర మాత్రం సభ్యత గుర్తొచ్చింది.

మట్టిబొమ్మల పాఠం మాత్రం ఎలాగో ఒకసారి చెప్పనిచ్చారు. ఇరాక్‌లోని టెల్ అస్మర్‌లో 1930లలో ఒక గుడి నేల కింద పాతిపెట్టిన పన్నెండు విగ్రహాలు దొరికాయి. చేతులు గుండెల దగ్గర జోడించి, ముఖంలో సగం కళ్ళే అన్నట్టు చూస్తూ ఉంటాయి. కనుగుడ్లకు గవ్వ పెంకు, నల్లరాయి పొదిగారు. భక్తుడు తన బొమ్మ ఒకటి చేయించి గుడిలో పెట్టి తన పనికి తాను పోతాడు, అది అతని బదులు దేవుడి ముందు నిలబడుతుంది. పిల్లలకు మట్టి ఇచ్చి, మీ బదులు నిలబడే బొమ్మను చేయండి అన్నాను. “నేను ఫుట్‌బాల్ ఆడుకుంటున్నా ఇది దండం పెడుతూనే ఉంటుందా మిస్?” అని అడిగాడొకడు. ఉంటుందన్నాను. వెంటనే ఉన్న కళ్ళు పీకి ఇంకా పెద్దవి పెట్టాడు, నిద్రపోకుండా. ఒకమ్మాయి, దేవుడంటే నమ్మకం లేనివాళ్ళు ఏం చేసేవారని అడిగింది. దాని మీద మాట్లాడుకుంటుండగానే బెల్లు కొట్టారు. పాఠం అయ్యాక ఆ బొమ్మల్ని కారిడార్‌లో పెడదామంటే చోటు లేదన్నారు. పక్క సెక్షన్ వాళ్ళ కాగితం మమ్మీలు వేసవి సెలవుల దాకా అక్కడే ఉన్నాయి.

మనవాళ్ళనూ నాలుగు మాటలు అనాలి. పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఒక తెలుగు తండ్రి నొచ్చుకుంటూ అన్నారు: “అక్కా, ఆ చచ్చిపోయిన దేవుళ్ళ గోల మా వాడికెందుకు? మ్యాథ్స్ గట్టిగా చూడండి.” ఎదురు చెప్పలేదు గానీ లోపల చాలాసేపు మండింది. రోజూ విగ్రహానికి వస్త్రం కట్టి, ముందు భోజనం పెట్టి, పాటలు పాడేవారని చెబితే నా తోటి టీచర్లకు వింతగా ఉంటుంది, ఇంట్లో నైవేద్యం పెట్టడం చూస్తూ పెరిగిన ఆ పిల్లాడికి ఉండదు. ఎరిదులో 1940లలో తవ్వితే గుడి కింద గుడి, దాని కింద మరో గుడి, అన్నిటికీ అడుగున ఒక చిన్న గది కనిపించాయి. నైవేద్యం పెట్టిన చోట చేప ఎముకలు కుప్పలుగా దొరికాయి. నీళ్ళ దేవుడు ఎన్కి ఊరది. తరగతిలో ఇది చెబుతుంటే అందరికంటే ముందు తల ఊపింది ఈ తెలుగాయన కొడుకే. మరికొందరు మనవాళ్ళు ఇంకోరకం. సుమేరువాళ్ళు మన తాతలని రుజువు చేస్తేనే వాళ్ళకు ఆసక్తి. ఉర్ సమాధుల్లో సింధు ప్రాంతపు కెంపురంగు పూసలు దొరికిన మాట నిజమే, సింధు ప్రాంతమేనని పండితులు భావించే మెలుహ్హా భాష తెలిసిన దుబాసీ ముద్ర పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మాటా నిజమే. వ్యాపారం జరిగింది, సంతోషం. బంధుత్వం కలిస్తే గానీ పక్కింటివాణ్ణి పలకరించకూడదా?

బడి చెప్పకపోతే పిల్లలు ఊరుకుంటారా, ఫోన్ చెబుతుంది. అనునాకి అని కొట్టి చూడండి. నిబిరు అనే గ్రహం నుంచి దిగినవాళ్ళని, బంగారం కోసం మనుషుల్ని పుట్టించారని వీడియో మీద వీడియో వస్తుంది. 1976లో జెకరయా సిచిన్ రాసిన పుస్తకంతో ఊరు మీద పడిన కథ ఇది. సుమేరువాళ్ళు పెద్ద దేవుళ్ళందరినీ కలిపి పిలుచుకున్న పేరు, మన పదేళ్ళ పిల్లాడికి గ్రహాంతరవాసిగా పరిచయమవుతోంది. ఇందులో తప్పు వీడియో చేసినవాడిదే కాదు, మనదీ ఉంది.

ఖర్చవుతుందన్న సాకు కూడా చెల్లదు. దాదాపు 400 సుమేరు రచనల్ని ఆక్స్‌ఫర్డ్ పండితులు ఇంగ్లీషులోకి తెచ్చి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. నేను పైన చెప్పిన రెండు కథలూ అందులోనే ఉన్నాయి. వాటిని చదివి, పిల్లల వయసుకు తగ్గట్టు కత్తిరించుకోవడానికి ఒక టీచరుకు ఒక ఆదివారం చాలు.

ఇంగ్లండులో ఉంటున్న తెలుగు అమ్మానాన్నలకు నాదొక విన్నపం. బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు మమ్మీల గదుల్లో తోసుకుని, ఫొటోలు దిగి తిరిగి వచ్చేయకండి. అదే అంతస్తులో 56వ గదికి కూడా పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇనానా గుర్తులైన రెల్లు కట్టలు, వాటి పక్కన గొర్రెలు చెక్కిన ఉరుక్ రాతి తొట్టి ముందు కాసేపు నిలబడనివ్వండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియకపోతే సర్దిచెప్పకుండా, ఆ ప్రశ్నలే కాగితం మీద రాసి బడికి పంపండి. సుమేరును ఎందుకు చెప్పరో, చెబితే దాని దేవుళ్ళను ఎందుకు వదిలేస్తారో అడగండి. మాలాంటి టీచర్లు అడిగితే పక్కన పెట్టేస్తున్నారు. తల్లిదండ్రులు రాసి అడిగితే జవాబు ఇచ్చి తీరాలి.