ముందు ఏం చేయాలి?

కాళోజీ, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు,

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ పరీక్ష గట్టెక్కాలి. దాన్ని హైదరాబాద్‌లోనే రాయవచ్చు. గడువు ఐదు గంటలు. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. ఇచ్చే జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది, జవాబిచ్చిన ప్రశ్నకు మళ్లీ వెళ్లడం కుదరదు. 2023 ఏప్రిల్ నుంచి ఒకే రోగి మీద ఆరేసి ప్రశ్నలడిగే కేస్ స్టడీలూ వచ్చాయి.

ఇలాంటి ఒక కేసు చూడండి. గుండె వైఫల్యంతో చేరిన పెద్దాయన డిగాక్సిన్, ఫ్యురోసెమైడ్ వాడుతున్నారు. పొద్దున్నుంచి వికారం. చూపంతా పచ్చగా కనిపిస్తోందంటున్నారు. నాడి 52, పొటాషియం 2.9. డిగాక్సిన్ మాత్ర వేళయింది.

నర్సు ముందు ఏం చేయాలి?

వాంతుల మందు ఇచ్చి ఊరుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఫ్యురోసెమైడ్ వల్ల పొటాషియం పడిపోతే డిగాక్సిన్ వికటిస్తుందని చదివిన నర్సింగ్ విద్యార్థినే, ఈ సంగతులన్నీ ఒకేసారి ఎదురైతే తడబడుతుంది. దుష్ప్రభావాలు రాయమంటే మాత్రం పేజీలు నింపేస్తుంది! ఆమెకు కావలసింది సాధన.

నర్సింగ్ కోర్సు చివరి ఏడాదిలో వారానికో గంట కేసులతో సాధన చేయించండి. సరైన జవాబుతోపాటు మిగతావి ఎందుకు కావో కూడా ట్యూటర్లు విడమరచాలి. వార్డుల్లో చూసిన కేసులనే, పేర్లు తీసేసి, ప్రశ్నలుగా మలచవచ్చు. ఇక్కడే ఉండిపోయే నర్సులకూ రాత్రి డ్యూటీలో ఈ సాధన అక్కరకొస్తుంది. వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఇంటర్నల్ మార్కుల్లో దీనికి కొంత వాటా కేటాయించాలని విన్నపం.