పేరు లేని పుస్తకానికి మన కొట్లలో చోటెందుకు?

కిరాణా కొట్టులో, కిళ్లీ బడ్డీలో, బస్టాపు పక్కనున్న పుస్తకాల స్టాలులో బూతు పుస్తకాలు అమ్మడం ఆపాలి. ఈ మాట అనడానికి మతాన్ని సాయం తెచ్చుకోనక్కర్లేదు, ఆడామగా మధ్య కోరికను పాపమనీ అనక్కర్లేదు. రాయవరం లాంటి మండల కేంద్రంలో కొట్టు ఎలాంటి చోటో గమనిస్తే చాలు. పసలపూడి, సోమేశ్వరం, వెదురుపాక, చెల్లూరు వాళ్లంతా ఆఫీసు పనికో, బస్సుకో, సరుకులకో వచ్చే ఊరు ఇది. పాల ప్యాకెట్టుకు వచ్చే పదేళ్ల పిల్ల, ఫోను రీఛార్జికి వచ్చే ఇంటరు కుర్రాడు, పొలం పని ముగించుకుని ఉప్పూ పప్పుల కోసం వచ్చే ఆడమనిషి, అందరూ నిలబడేది అవే నాలుగు కొట్ల ముందు. నగరంలో నచ్చని కొట్టును వదిలేసి ఇంకో వీధికి వెళ్లొచ్చు. ఇక్కడ అంత వెసులుబాటు ఉండదు. అందుకే కొట్టు ముందు ఏం వేలాడుతోంది, గల్లాపెట్టె కింద నుంచి ఏం బయటికొస్తోంది అన్నది అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య గుట్టుగా ఉండిపోదు. అది ఊరంతటికీ సంబంధించిన వ్యవహారం. ఫలానా కొట్టు అని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న ఊళ్ల బడ్డీల్లో, బస్టాండు స్టాళ్లలో, వారపత్రికల వెనకో, కవరులో పెట్టి పిన్నులు కొట్టో ఈ సరుకు ఏళ్ల తరబడి నడిచిందన్నది అందరికీ తెలిసిన సంగతే.

ఈ వ్యాపారంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది, దీని వెనక ఎవరున్నారో తెలియకపోవడం. ఇలాంటి పుస్తకాల్లో చాలావాటి మీద రాసినవాడి అసలు పేరు ఉండదు. అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉండదు, ఉన్నా ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. లోపలి బొమ్మలోని అమ్మాయి ఎవరో, ఆ బొమ్మ తీయడానికి ఆమె ఒప్పుకుందో లేదో, ఆమె వయసెంతో చెప్పేవాడు లేడు. అచ్చయిన ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన ఊరు ఉండి తీరాలని 1867లోనే చట్టం చేశారు. ఆ చట్టం ఒకటిన్నర శతాబ్దం పైగా అమల్లో ఉన్నా ఈ సరుకు దాన్ని లెక్కచేయలేదు. తయారుచేసినవాడి పేరు లేని నూనె ప్యాకెట్టును మన ఊళ్లో మంచి కొట్టువాడెవడూ అరలో పెట్టడు, తెలిస్తే మనమూ కొనం. పిల్లల చేతికి అందే పుస్తకం విషయంలో ఆ మాత్రం జాగ్రత్త ఎందుకు పోయింది? రాసినవాడు, అచ్చువేసినవాడు, బొమ్మ తీసినవాడు, కట్టలు కట్టి పంపినవాడు, ఈ గొలుసులో అందరూ చీకట్లోనే ఉంటారు. ముఖం, పేరు, ఊరు ఉన్న ఒకే ఒక్క మనిషి కొట్టువాడు. బాధ్యత అతని దగ్గర ఆగడానికి కారణం అదే. ఈ వ్యాపారాన్ని ఆపగల శక్తి అతని చేతిలో ఉండడానికీ కారణం అదే.

చట్టం కూడా సరిగ్గా అమ్మేవాడినే పట్టుకుంటుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 294వ సెక్షన్ ప్రకారం అశ్లీల పుస్తకాలు అమ్మడం, అద్దెకివ్వడం, ప్రదర్శించడం నేరం. మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, ఐదువేల రూపాయల దాకా జరిమానా. 295వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు అమ్మితే మూడేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఈ రక్షణ ఇరవై ఏళ్లలోపు వారందరికీ ఉండేది, దాన్ని పద్దెనిమిదికి తగ్గించారు. పెద్దలకు అమ్మితే వేసే జరిమానాను పెంచి, పిల్లలకు అమ్మితే వేసే జరిమానాను పాత రెండువేల దగ్గరే వదిలేశారు. దాన్ని సరిదిద్దాలి. ఆడవాళ్లను అసభ్యంగా చూపించే పుస్తకాల అమ్మకాన్ని నిషేధించే 1986 నాటి చట్టం ఇంకొకటి ఉంది. లోపల ఏముందో నాకు తెలియదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పేసింది. బొంబాయిలో ఒక పుస్తకాల దుకాణం భాగస్వామి రంజిత్ ఉదేశీ మీద వచ్చిన కేసు అది. పుస్తకంలో ఏముందో అమ్మినవాడికి తెలుసని ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సిన పని లేదని జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు. ఆ కేసులోని పుస్తకం ఇంగ్లీషు రచయిత లారెన్స్ నవల, దాన్ని బూతు అనడం సాహిత్యానికి జరిగిన అన్యాయమే. అయినా అమ్మేవాడు అరలో పెట్టిన సరుకుకు అతనే జవాబుదారీ అన్న సూత్రం మిగిలింది.

చట్టం సంగతి పక్కన పెట్టి, హాని ఏమిటన్నది చూద్దాం. బూతు పుస్తకం చదివిన ప్రతివాడూ నేరం చేస్తాడని నేను అనను. అమెరికాలో 1970లో ఒక సంఘం నేరాలకూ వీటికీ సంబంధం రుజువు కాలేదంది, 1986లో ఇంకో సంఘం ఉందంది. ఆ తగవు తేలే దాకా ఆగనవసరం లేదు, పుస్తకం ఏం నేర్పుతోందో చూస్తే తెలుస్తుంది. ఈ కథల్లో ఆడమనుషులు ఎక్కడి నుంచో రారు. వదిన, మరదలు, పక్కింటావిడ, పాఠం చెప్పే టీచరు, ఇంట్లో పని చేసే మనిషి, అంటే కుర్రాడు రోజూ చూసే మనుషులే వస్తారు. వాళ్లు వద్దంటారు, ఆ వద్దును కథ లెక్కచేయదు, చివరికి వాళ్లకూ అదే కావాలని తేలుస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడికి ఆడపిల్ల మనసు గురించి చెప్పిన మొదటి పాఠం ఇదే అయితే, దాన్ని మరిపించడానికి ఎంత చదువు కావాలి? ఇక ఆ కొట్టు ముందు నిలబడ్డ ఆడమనిషి మాట. తన శరీరం అట్టమీద బొమ్మై వేలాడుతుంటే, పక్కనున్న మగవాళ్ల చూపు ఆ బొమ్మ మీంచి తన మీదికి జారుతుంటే, చిల్లర తీసుకుని తలొంచుకుని వెళ్లిపోవాల్సిన పరిస్థితి ఆమెది. ఆమె ఆ పుస్తకాన్ని కొనలేదు, తెరవలేదు. అయినా దాని ధర కొంత ఆమె చెల్లిస్తోంది.

దీనికి మొదటి అభ్యంతరం సాహిత్యాభిమానుల నుంచి వస్తుంది, అది బలమైనది. ఇవాళ బూతు పుస్తకాలంటారు, రేపు చలాన్ని అంటారు, ఎల్లుండి క్షేత్రయ్య పదాలను అంటారన్న భయం వాళ్లది. ఆ భయానికి చరిత్ర ఉంది. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా పూర్తి పాఠంతో అచ్చువేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. అంతకు ముందే మన రాజమహేంద్రవరం వీరేశలింగం గారు ఆ కావ్యాన్ని ఈసడించారు. స్వాతంత్ర్యం వచ్చే కాలానికి గాని ఆ నిషేధం తొలగలేదు, 1952లో వావిళ్లవారు దాన్ని మళ్లీ అచ్చువేశారు. ఆ నిషేధం తప్పు, అలాంటిది మళ్లీ జరగకూడదు. అయితే ఆ పుస్తకానికీ ఈ సరుకుకూ తేడా కనిపెట్టడానికి పండితులు అక్కర్లేదు. ముద్దుపళని తన వంశం చెప్పుకుని మరీ కావ్యం రాసింది. నాగరత్నమ్మ తన పేరుతో పీఠిక రాసి, పెద్దలను పేరుపెట్టి నిలదీసింది. చలం తన పేరుతోనే రాసి తిట్లన్నీ తనే పడ్డాడు. వాళ్లు తమ మాటకు తాము నిలబడ్డారు. సాహిత్యం, కళ, శాస్త్రం, గుడి శిల్పం కోసం 294వ సెక్షన్లోనే మినహాయింపు ఉంది. ఎక్కడో ఒక ముక్క చూసి మొత్తాన్ని బూతు అనకూడదనీ, ఈ కాలపు సమాజ ప్రమాణాలతో పుస్తకాన్ని మొత్తంగా చూడాలనీ 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గీత లోపలే నా వాదన నిలబడుతుంది.

పెద్దవాడు తనింట్లో ఏం చదువుకుంటాడో మీకెందుకు అన్నది రెండో అభ్యంతరం. నాకు అక్కర్లేదు. ఇళ్లు సోదా చేయాలనీ, కొన్నవాడి పేరు ఊళ్లో చాటాలనీ కోరేవాళ్లతో నేను ఏకీభవించను. పిల్లలకు తగనిదని చెప్పి పెద్దలందరికీ లేకుండా చేయలేమని సుప్రీంకోర్టు 2006లో అజయ్ గోస్వామి కేసులో అన్న మాటలో న్యాయం ఉంది. కానీ చదువుకునే స్వేచ్ఛ వేరు, పిల్లలు బిస్కెట్లు కొనే చోట అమ్మే హక్కు వేరు. వాక్ స్వాతంత్ర్యాన్ని గట్టిగా కాపాడుకునే అమెరికాలోనే ఈ తేడా తేలింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో చిన్న స్టేషనరీ, టిఫిన్ దుకాణం నడిపే శామ్ గిన్స్‌బర్గ్ పదహారేళ్ల కుర్రాడికి నగ్న చిత్రాల పత్రికలు రెండు అమ్మాడు. వాటిని పెద్దలకు అమ్మితే నేరం కాదు. పిల్లవాడికి అమ్మినందుకు పడిన శిక్షను 1968లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. మన బడ్డీ కొట్లలో వయసు అడిగేవాడు లేడు, కార్డు చూసేవాడు లేడు. పెద్దలకే అమ్ముతున్నానని చెప్పడానికి ఆ కొట్టులో ఏర్పాటే లేనప్పుడు, అక్కడ అమ్మకుండా ఉండడం ఒక్కటే దారి.

అందరి చేతిలో ఫోనుంటే పుస్తకాల గోలెందుకన్నది మూడో అభ్యంతరం. నిజమే, ఫోను వచ్చాక ఈ పుస్తకాల గిరాకీ పడిపోయింది. కొన్నాళ్లు సెల్ పాయింట్లలో మెమరీ కార్డులోకి ఎక్కించి అమ్మడం సాగింది, తర్వాత ఇంటర్నెట్టు చవకై ఆ వ్యాపారమూ తగ్గింది. ఫోనులో వచ్చేది ఇంకా ప్రమాదం, దానితో వేరే పోరాటం చేయాలి. 2015లో కేంద్రం 857 సైట్లను ఆపించి, రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఢిల్లీకే కష్టమైన పని అది. ఊరి కొట్టు అలా కాదు, మన చేతిలో ఉంది. పెద్ద చెడును ఆపలేకపోతున్నామని చిన్న చెడును కూర్చోబెట్టి పోషించడం న్యాయం కాదు. పైగా రహస్యంగా చూసినదాన్ని పిల్లవాడు తప్పుగానే ఎరుగుతాడు. రోజూ పలకరించే కొట్టు బాబాయి తన చేత్తో ఇస్తే, ఊరు దీన్ని ఒప్పుకుందని అనుకుంటాడు. జపాన్‌లో ఇంటర్నెట్టుకు కొదవలేదు. అయినా అక్కడి సెవెన్ ఎలెవెన్, లాసన్, ఫ్యామిలీమార్ట్ అనే మూడు పెద్ద దుకాణ సంస్థలు 2019 ఆగస్టు నాటికి అశ్లీల పత్రికల అమ్మకం మానేశాయి. కోర్టు చెప్పలేదు, చట్టం మారలేదు. ఆడవాళ్లూ పిల్లలూ వచ్చే దుకాణంలో అవి ఉండకూడదని వాళ్లే నిర్ణయించుకున్నారు.

చిన్న కొట్టువాడి పొట్ట కొట్టొద్దని కొందరంటారు, నిషేధిస్తే దొంగచాటుగా నడుస్తుందని మరికొందరంటారు. కొట్టువాడు బతకాలి, అందులో సందేహం లేదు. అయితే అతని బతుకు పాలు, బియ్యం, రీఛార్జి మీద నిలబడింది. ఆ కాస్త లాభం కోసం అతను జైలు శిక్ష పడే నేరాన్ని తలకెత్తుకుంటున్నాడు, అసలు సంపాదించేవాడు మాత్రం కనపడకుండా తప్పించుకుంటున్నాడు. అందుకే పోలీసు దాడితో మొదలుపెట్టకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ముందు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని మాత్రం రెండేళ్లకే సడలించారు. ఊరు తన కొట్టు దగ్గర తీసుకున్న నిర్ణయానికి పైనుంచి దిగిన ఉత్తర్వు కంటే బలం ఎక్కువని ఆ అనుభవం చెబుతోంది.

పిల్లల కుతూహలం సంగతి కూడా చెప్పుకోవాలి, అది తప్పు కాదు. శరీరం మారుతున్న వయసులో ప్రశ్నలు పుడతాయి, ఇంట్లో ఎవరూ నోరు విప్పరు, బడిలో టీచరు ఆ పాఠం దాటేస్తారు. మనం ఖాళీగా వదిలిన చోటే ఈ పుస్తకాలు వచ్చి కూర్చున్నాయి. పది నుంచి పంతొమ్మిదేళ్ల వారి కోసం 2014లో కేంద్రం రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. దాన్ని హైస్కూలు దాకా తెచ్చి, డాక్టరు చేత, నర్సు చేత పిల్లలతో మాట్లాడించాలి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. 1898 నుంచి గౌతమీ గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్న గోదావరి సీమ మనది. కౌమారం గురించి, ఆరోగ్యం గురించి, ప్రేమ గురించి మంచి పుస్తకాలు మండల గ్రంథాలయంలో పిల్లలకు దొరకాలని అడిగే హక్కు మనకుంది.

చేయాల్సిన పనులు పెద్దవి కావు. గ్రామసభలో ఈ విషయం పెట్టి, మా ఊరి కొట్లలో బూతు పుస్తకాలు అమ్మరాదని తీర్మానం చేయాలి. పంచాయతీ అద్దెకిచ్చే షాపు గదులకు, సంత ఆశీలు వేలానికి, ఆర్టీసీ స్టాళ్ల లీజుకు అదే షరతు రాయాలి. మహిళా సంఘాలు, వర్తకులు కలిసి కొట్టుకొట్టుకూ వెళ్లి మర్యాదగా అడగాలి. ఉన్న కట్టలు తిప్పి పంపేయడానికి కాస్త గడువివ్వాలి, గడువు దాటాక పిల్లలకు అమ్మినవాడి మీద ఫిర్యాదు చేయడానికి మొహమాటపడకూడదు. మంచి కొట్టువాడికి ఇది భారం కాదు. ఎవరు రాశారో, ఎవరు అచ్చేశారో, అందులోని ఆడపిల్ల ఎవరో చెప్పలేని పుస్తకం వచ్చినప్పుడు, నా కొట్టులో ఇది అమ్మనని అతను ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అన్న కొట్టులోనే సరుకులు కొంటామని మనం చెప్పాలి, చెప్పినట్టే కొనాలి.