ఆమె పేరు శివకాము

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన మన కళాశాలలో ఉపాధ్యాయ దినోత్సవము జరుపుకొనుచున్నాము. దేశమంతట 1962 నుండి సాగుచున్న ఆచారమిది. ఆనాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చిత్రపటమునకు పూలమాల వేసి, వారి పాండిత్యమును కొనియాడుదుము. ఆయన మనకు పరాయివారు కారు. 1888లో తిరుత్తణిలో జన్మించినారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిననాటి నుండి 1960 వరకు ఆ ఊరు మన జిల్లాలోనిదే. 1896 నుండి 1900 వరకు ఆయన చదివినది తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో.

ఒక సంవత్సరము సభ ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని వచ్చి, “సార్, ఆయన భార్య పేరేమిటి?” అని అడిగినది. వేదికపై కూర్చున్న అధ్యాపకులలో ఒక్కరము కూడ వెంటనే చెప్పలేకపోయినాము. ఆ మౌనమే ఈ వ్యాసమునకు కారణము.

ఆమె పేరు శివకాము. 1903లో వివాహమైనప్పుడు ఆమెకు పదేండ్లు. ఆయనకు ఇంకను పదునైదు నిండలేదు. ఐదుగురు ఆడపిల్లలకు, ఒక మగపిల్లవానికి ఆమె తల్లి. ఆయన ఉద్యోగములు మద్రాసు, మైసూరు, కలకత్తా, వాల్తేరు, ఆక్స్‌ఫర్డు, కాశీ, మాస్కోలుగా మారుచు వచ్చినవి. ఆయన ఏయే గ్రంథము ఏ యేట వెలువడినదో మన విద్యార్థులు పరీక్షల కొరకు కంఠస్థము చేయుదురు. ఆ గ్రంథములు వ్రాయుచున్న కాలమున ఆరుగురు పిల్లల ఆకలిని, జ్వరమును, చదువును ఎవరు చూచినారని ఏ ప్రశ్నపత్రమును అడుగదు. యాబదిమూడేండ్ల దాంపత్యము తరువాత 1956 నవంబరు 26న ఆమె కన్నుమూసినది. ఆయన రాష్ట్రపతి అగుట ఆమె చూడలేదు.

వారి కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్, 1989లో తండ్రి జీవితచరిత్రను ప్రకటించినాడు. అందులో తండ్రి ప్రతిభను వర్ణించిన కలముతోనే ఆయన వైవాహిక జీవితమందలి లోపములను కూడ దాచక వ్రాసినాడు. కొందరికిది తండ్రికి చేసిన అపచారముగా తోచవచ్చును. నాకు మాత్రము అది తల్లి ఋణమును తలచుకొన్న కుమారుని పనిగా తోచుచున్నది. ఆమె భక్తిని పొగడి, ఆమె బాధను దాచినచో అది సగము గౌరవము మాత్రమే.

ఇతరుల సంగతి చెప్పితిని గనుక నా సంగతియు చెప్పవలెను. మా తాతగారు ఈ జిల్లాలోని ఒక చిన్న ఊరిలో దర్జీ. అంగడి బోర్డు మీద ఆయన పేరు ఉండెడిది. ఆ అంగడి నుండి వెళ్ళిన చొక్కాలకు కాజాలు తీసి, బొత్తాములు కుట్టినది మా దాదీ. తెల్లవారుజామున నమాజు ముగించి నీళ్ళు మోసి, సంగటి కెలికి, పిల్లలను బడికి పంపి, పిమ్మట సూది చేతబట్టెడిది. చెనక్కాయల కాలములో మూట తెచ్చుకొని, ఒలిచి, ఆ కూలితో పలకలు, పుస్తకములు కొనెడిది. ఎనుబదియేండ్లు దాటి జీవించినది. ఆమెకు తెలుగు చదువరాదు. నా ఎం.ఏ. పట్టాను చూపినప్పుడు రెండు చేతులతో పట్టుకొని, “సరిగానే పట్టుకొంటినా, లేక తలక్రిందులా?” అని అడిగి నవ్వినది.

ఆమె పోయిన తరువాత మరణమును నమోదు చేయించుటకు దరఖాస్తు నింపినాము. ‘వృత్తి’ అను గడిలో ‘లేదు’ అని వ్రాయబడినది. వ్రాసినది గుమాస్తా కాదు. ఎం.ఏ. చదివిన నేనే.

నేను చేసిన ఈ తప్పు నా ఒక్కనిది కాదు. ప్రభుత్వ లెక్కలందును ఉన్నది. మన జనాభా లెక్కలలో ఇంటిపని మాత్రమే చేయు స్త్రీని పని చేయనివారిలో చేర్చుచు వచ్చినారు. సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో ఈ పద్ధతిని తప్పుబట్టినది. 2019లో కేంద్ర ప్రభుత్వము జరిపించిన కాల వినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు రోజునకు సగటున 299 నిమిషములు దానికి వెచ్చించుచుండిరి. ఆ పని చేయు పురుషులు 97 నిమిషములు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు మరియొక తీర్పులో, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు గృహిణి శ్రమకు ఆర్థికమైన విలువ కలదని వివరించినారు.

తల్లి ప్రేమకు వెల కట్టుదురా అని కొందరు ప్రశ్నింతురు. ప్రేమకు వెల లేదు, నిజమే. కాజాకు మాత్రము వెల ఉన్నది. ఆ చొక్కా కుట్టుకూలిలో కాజా కూలి కలిసియే వచ్చినది. కాని అది ఆమె పేరున ఎన్నడును రాలేదు. ‘త్యాగమూర్తి’ అని బిరుదమిచ్చుట సులభము. బిరుదమిచ్చినవాడు బాకీ తీర్చినట్లే భావించుకొనును. తల్లి పాదముల చెంత స్వర్గమున్నదని మన ఇండ్లలో చెప్పుకొందుము. ఆ పాదముల పగుళ్ళను వంగి చూచినవారు మనలో ఎందరు?

మా దాదీ దుఃఖములో బ్రతికినదని నేను అనుట లేదు. తన ఇంటిని చూచుకొని ఆమె గర్వించెడిది. అట్టి జీవితమే ప్రతి ఆడపిల్లయు గడపవలెనని చెప్పుటయు నా ఉద్దేశము కాదు. నా తరగతిలో ముందు వరుసలో కూర్చుండు ఆడపిల్లలు తమ అమ్మమ్మలకు దొరకని చదువును అందుకొనుచున్నారు. ఆ చదువు ఎవరి సూదిమొన నుండి వచ్చినదో వారు ఎరుగవలెనన్నదే నా కోరిక.

కనుక కళాశాల సంఘము వారికి ఒక మనవి. రాబోవు సంచికలో ఉర్దూ విభాగమున నాలుగు, తెలుగు విభాగమున నాలుగు పుటలు ఇందులకు కేటాయింపవలెను. విద్యార్థులు తమ ఇంటిలోని ఒక తల్లిని గాని, అవ్వను గాని కూర్చుండబెట్టి, ఆమె పూర్తి పేరు, పుట్టిన ఊరు, చేసిన పనులు, మానుకొన్న కోరికలు అడిగి వ్రాయవలెను. పొగడ్తలు వలదు, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసిన చాలును. ఆమె జీవించి ఉండగానే అడుగవలెను. నేను అడుగలేదు.

మొదటి వ్యాసము నేనే ఇచ్చెదను. అందులో ‘వృత్తి’ అను చోట ‘కాజాలు కుట్టుట’ అని వ్రాసెదను.