గుత్తి సాలెపురుగు పిల్లలు

శ్రీకాళహస్తి అను పేరులో మూడు ప్రాణుల పేర్లు ఇమిడియున్నవి. ‘శ్రీ’ అనగా సాలెపురుగు, ‘కాళము’ అనగా పాము, ‘హస్తి’ అనగా ఏనుగు. ఈ మూడును శివుని సేవించి ముక్తి నొందినవని స్థలపురాణము చెప్పుచున్నది. ఏనుగుకంటె ముందుగా సాలెపురుగును పేర్కొనిన దేశము మనది. అయినను అది గోడపై కనబడగానే చీపురుకై చేయి చాచుట నేడు మనకు అలవాటైనది. దాని సంసారమును ఒక్కసారి శ్రద్ధగా పరిశీలించినచో ఆ చేయి తప్పక వెనుకకు వచ్చునని నా నమ్మకము.

సాలెపురుగులలో టరాంటులాలు అనునవి మిక్కిలి పెద్దవి. వాని ఒడలంతయు రోమములే. వానిలో ఒకటి మన ఆంధ్రదేశపు అడవులలో పుట్టినది. 1899లో పోకాక్ అను ఆంగ్లేయ జంతుశాస్త్రజ్ఞుడు దానిని లోకమునకు పరిచయము చేసెను. మొట్టమొదట అది గుత్తిలోని రైల్వే కలపదొడ్డిలో దొరకినందున గుత్తి సాలెపురుగు అను పేరు వచ్చినది. కాని గుత్తి దాని పుట్టినిల్లు కాదు. అడవినుండి కలపతోపాటు రైలెక్కి వచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. నూరేండ్లు గడచిన పిదప, 2001లో, నంద్యాలకును గిద్దలూరునకును నడుమనున్న అడవిలో అది మరల కనబడెను. దాని మేని రంగు నెమలి కంఠమువలె నీలము. ఆ నీలము ఏ రంగు పూత వలనను కలిగినది కాదు. రోమములలోని అతిసూక్ష్మమైన నిర్మాణముపై వెలుగు పడి నీలముగా ప్రతిఫలించుచున్నది.

ఈ ప్రాణి గూడు పెద్దచెట్ల తొఱ్ఱ. పగలెల్ల అందు దాగియుండి, రాత్రివేళ వెలుపలికి వచ్చి పురుగులను పట్టి తినును. మగది కొలది యేండ్లే జీవించును. ఆడది పదియేండ్లకు పైగా బ్రతుకగలదు. తల్లి తన పట్టుదారముతో ఒక సంచి నల్లి, గ్రుడ్లను అందులో భద్రపరచును. పిల్లలు వెలువడువరకు ఆ సంచిని కాళ్లతో పొదివి పట్టుకొని, అప్పుడప్పుడు అటునిటు త్రిప్పుచు కావలి కాయును.

చాల జాతుల టరాంటులా పిల్లలు కొలది కాలములోనే చెదరిపోవును; ఒకచోట నిర్బంధించినచో ఒకదాని నొకటి తినివేయును. గుత్తి సాలెపురుగు పిల్లల తీరు వేరు. చోటును ఆహారమును చాలినంత యున్నచో అవి తల్లి గూటిలోనే కొంతకాలము కలసిమెలసి యుండును. తల్లి చంపిన పురుగు చుట్టును చేరి పంక్తి భోజనమునకు కూర్చున్నట్లు తినును. క్రూరమని మనము తలచు ప్రాణి తన బిడ్డల నడుమ శాంతముగా కూర్చుండును.

ఐరోపా, అమెరికా ఖండములలో ఈ సాలెపురుగులను గాజు పెట్టెలలో పెంచువారు అనేకులు కలరు. నిలువైన పెట్టెలో చెట్టుబెరడు నిలిపి తొఱ్ఱవంటి చోటు కల్పింతురు. ఆడదానికి కడుపునిండ మేతపెట్టి, పిమ్మట మగదానిని చేర్తురు. తల్లి కలతచెందినచో తన గ్రుడ్లసంచిని తానే తినివేయునను భయముచే కొందరు దానిని ముందుగానే లాగికొని, తల్లిలేకుండ గ్రుడ్లను పొదిగింతురు. మరికొందరు ఓపికతో తల్లియొద్దనే విడిచి, పిల్లలను కొన్ని నెలలు ఆమెతో పెరుగనిత్తురు. మొదటివారికి లెక్క తప్పదు. రెండవవారికి ఆ ప్రాణి స్వభావము తెలియును. పెంపకమన్నది చేయవలసినదే యైనచో రెండవ పద్ధతియే మేలని నా అభిప్రాయము. లెక్కకొరకు పెంచువాడు వర్తకుడు. స్వభావము నెఱుగుటకై పెంచువాడు విద్యార్థి.

పెట్టెలలో ఇన్ని పిల్లలు పుట్టుచుండగా ఈ జాతికి భయమేమి యని కొందరు వాదింతురు. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. పెట్టెలో పుట్టినది కొనుటకు దొరకినచో అడవిలోనిదానిని దొంగిలించు అవసరము తగ్గును. కాని పరదేశపు గాజుపెట్టెలో పుట్టిన పిల్ల మన అడవికి తిరిగి వచ్చుట లేదు. 2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలో నున్నదిగా ప్రకటించిరి. దాని నివాసము నూరు చదరపు కిలోమీటర్లకు లోపుగా నున్నదని నాటి అంచనా. వంటచెరకునకును కలపకును చెట్లు నరకుటయు, అమ్మకమునకై పట్టుకొనిపోవుటయు ఈ దుస్థితికి కారణములు. 2019లో ఈ ప్రజాతిని వన్యప్రాణి వర్తకమునకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందములో చేర్చిరి. చట్టము దొంగచేతిని ఆపవచ్చును. పడిపోయిన చెట్టును నిలబెట్టజాలదు.

కట్టెలమోపుతో కూడు వండుకొను పేదవానిని నిందించుట న్యాయము కాదు. అతని పొయ్యికి వేరు దారి చూపుట సంఘము యొక్క బాధ్యత. కాని ఎంత కలప అవసరమైనను, తొఱ్ఱలు గల ముసలిచెట్టును మాత్రము విడువవలెను. ఆ చెట్టు మనకు పనికిరాని మ్రాను వలె కనబడును. ఆ తల్లికో అదియే పురుటిగది.

బాలబాలికలారా! ఈ సాలెపురుగును పట్టుటకు గాని, ఇంట పెంచుటకు గాని పూనుకొనకుడు. అది కరచినచో తీవ్రమైన నొప్పియు, కండరములు పట్టివేయుటయు కలుగును. దాని వలన మీకును, మీ వలన దానికిని హాని కలుగకుండుటకు దూరమే మంచిది. మీ ఇంటి గోడమీది చిన్న సాలెపురుగును మాత్రము నిశ్చింతగా చూడవచ్చును. గ్రుడ్లసంచితో ఒకటి కనబడినచో చీపురును ప్రక్కనబెట్టి, నాలుగు దినములు వరుసగా గమనింపుడు. ఒక తల్లి తన బిడ్డల కొరకు ఎట్లు కాచుకొనియుండునో తెలిసిన పిదప, అడవిలోని తొఱ్ఱచెట్టు ఎందుకు నిలువవలెనో మీకు వేరుగ ఎవరును చెప్పనక్కరలేదు.